చూసి చదవడం

వ్రతకథ పుస్తకంలో ఏ మాట దగ్గర పేజీ తిప్పాలో సూర్యకళకి తెలుసు. మొత్తం ఆరుసార్లు. ప్రతిసారీ ఊపిరి తీసుకోవడానికన్నట్టు ఒక్క క్షణం ఆగి, కాగితం అంచు పట్టుకుని నిదానంగా తిప్పుతుంది. కళ్లు పుస్తకం మీదే ఉంటాయి. ఎడమనుంచి కుడికి వెళ్లి, మళ్లీ కింది వరస మొదటికి వచ్చి, చదివేవాళ్ల కళ్లు ఎలా నడుస్తాయో అలాగే నడుస్తాయి. దాన్ని ఆమె పట్టుబట్టి నేర్చుకుంది. నేర్చుకోలేకపోయింది చదవడం ఒక్కటే.

బొత్తిగా రాదనడానికి లేదు. అక్షరం ఒంటరిగా, పెద్దగా, గోడమీద బల్లిలా కదలకుండా ఉంటే పోల్చుకోగలదు. పక్కన ఇంకో రెండు వచ్చి చేరాయంటే గొడవ మొదలవుతుంది. ఏది ముందు, ఏది వెనక అన్నది తేలదు. కుడికి పోవాల్సిన తలకట్టు ఎడమకి పోయినట్టుంటుంది. ఒక మాటని కూడబలుక్కునేసరికి దాని ముందు మాట మనసులోంచి జారిపోతుంది. కొవ్వూరు దగ్గర పల్లెలో పదేళ్లు బడికి వెళ్లి ఆమె సంపాదించుకున్నది ఇదీ, దీన్ని ఎవరికీ తెలియనివ్వని నేర్పూ. పక్క పిల్ల పైకి చదువుతుంటే రెండుసార్లు వింటే చాలు, పాఠం మొత్తం మనసులో నిలిచిపోయేది. పరీక్షలో పక్క పిల్ల పైకి చదవదు కదా. పదో తరగతి తప్పింది. సంబంధాలు వచ్చినప్పుడు తండ్రి, "మా అమ్మాయి పది చదివిందండి," అన్నాడు. పాసయిందా అని ఎవరూ అడగలేదు.

ఆత్రేయపురం కాపురానికొచ్చిన ఏడు శ్రావణమాసంలో అత్తగారు మహాలక్ష్మమ్మ ఆమెని వ్రతం పీట ముందు కూర్చోబెట్టి పుస్తకం చేతికిచ్చింది. "నాకు చత్వారం. చదువుకున్నదానివి, నువ్వే కథ చదువమ్మా," అంది. చుట్టూ ఇరవైమంది ఆడవాళ్లు. ఆ కథ సూర్యకళకి వచ్చు. చిన్నప్పుడు అమ్మమ్మ ఏటా చదివేది. పుస్తకం తెరిచి, అమ్మమ్మ గొంతుని తలుచుకుని మొదలుపెట్టింది. ఆ ఒక్కరోజుకీ గట్టెక్కితే చాలనుకుంది. ఎక్కడా తడుముకోలేదు, ఎక్కడా తొట్రుపడలేదు. మహాలక్ష్మమ్మ కోడలు కథ చదివితే అమ్మవారు ఎదురుగా వచ్చి కూర్చున్నట్టుందని మర్నాటికి వీధంతా పాకింది. ఆ ఒక్కరోజు తొమ్మిదేళ్లుగా సాగుతోంది. వెనక వీధివాళ్లు కూడా ఇప్పుడు కథకి ఈ ఇంటికే వస్తారు.

మిగతా రోజులకి పిండి ఉంది. అత్తాకోడళ్లిద్దరూ పూతరేకులు తీస్తారు. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట, పక్కన గిన్నెలో పల్చటి బియ్యప్పిండి నీళ్లు. పల్చటి గుడ్డ అందులో ముంచి, కుండ మీద పరిచినట్టే పరిచి లాగేస్తే, కుండకి పొరలా అంటుకున్న రేకు క్షణంలో ఆరి లేచి వస్తుంది. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా చేతులు పిండిలోనే. శుభలేఖ వచ్చినా, కరెంటు బిల్లొచ్చినా, మందు సీసా మీద ఏం రాసుందని అత్తగారు అడిగినా, "చేతులు పిండిలో ఉన్నాయండి, ఎవరిచేతైనా చదివించండి," అంటుంది. పిండిలో చెయ్యి లేని వేళ కాగితం వస్తే, గబుక్కున వెళ్లి పిండిలో చెయ్యి పెడుతుంది.

అలా నెట్టుకొస్తున్న మనిషిని రెండువేల మూడు పుష్కరాలు ముగిసిన వారంలో కూతురి బడినుంచి రమ్మని కబురొచ్చింది.

నాగదుర్గకి ఎనిమిదో ఏడు. ఊళ్లోనే కాన్వెంటులో రెండో తరగతి. మొగుడూ పెళ్లాం ఇద్దరూ వెళ్లారు. టీచరు వీరవేణి ఇరవై రెండేళ్ల పిల్ల, బల్ల మీద చెక్క స్కేలు పెట్టుకుని కూర్చుంది.

"కూర్చోండి అచ్చిబాబుగారూ. పుష్కరాలకి రేకులు బాగా పోయాయంటగా?"

"ఏదో మీ దయండి," అన్నాడు అచ్చిబాబు. రాజమండ్రి, రావులపాలెం కొట్లకి రేకులు పెట్టెలు కట్టి వేసేది అతనే.

"మరి ఇది చూడండి."

నోటుబుక్కు వాళ్లవైపు తిప్పింది. మూడంకెలన్నీ అవతలివైపుకి తిరిగి ఉన్నాయి. ఇంగ్లీషు బి ఉండాల్సిన చోట డి, డి ఉండాల్సిన చోట బి. తెలుగు అక్షరాలకి తలకట్లు ఎడమవైపుకి ఎగిరాయి. అద్దంలో చూసి రాసినట్టు ఉందన్నాడు అచ్చిబాబు. సూర్యకళకి ఆ పేజీలో ఏది తప్పో తేలలేదు.

"ముందు బద్ధకం అనుకున్నానండి," అంది వీరవేణి. "చదవమంటే మాత్రం పాఠం గడగడా చదివేస్తది. నాకెందుకో అనుమానమొచ్చి, మొన్న పుస్తకం తలకిందులు చేసి చేతికిచ్చాను. అలాగే చదివేసిందండి! క్లాసంతా ఒకటే నవ్వు. విని నోటికి పట్టిన పాఠం అప్పజెప్తోంది, ఇన్నాళ్లూ మేం చదువుతోందనుకున్నాం."

అచ్చిబాబు నవ్వలేదు.

"రాకపోతే నేర్పుతాం. ఇది మోసం కదండీ? ఇంత చిన్నపిల్లకి ఈ ఎత్తు ఎవరు నేర్పారో నాకు అర్థం కావట్లేదు. వాళ్లమ్మగారేమో అంత చక్కగా చదువుతారు. ఆ పోలిక ఒక్క పిసరు రాలేదు."

ఎవరూ సూర్యకళవైపు అనుమానంగా చూడలేదు. తనని ఎవరైనా అనుమానిస్తారేమోనని తొమ్మిదేళ్లుగా భయపడింది. ఎవరికీ ఆ ఊహే రాదని ఇప్పుడు తెలిసి, దానికన్నా పెద్ద భయం పట్టుకుంది. తను కట్టుకున్న గోడకి తలుపు పెట్టుకోవడం మర్చిపోయినట్టు అనిపించింది.

నాగదుర్గ బల్ల పక్కన నిలబడి ఉంది. కుడిచేతి కణుపులు కందిపోయి ఉన్నాయి. ఆ చేతిని వెనక దాచుకుని గోడమీద పటం చూస్తోంది.

ఇంటికొచ్చాక అచ్చిబాబు స్కూటరు స్టాండు వేసి, "హాస్టల్లో పడేస్తాను," అన్నాడు.

భీమరాజు అనే మనిషి రాజమండ్రి అవతల ఉన్న ఒక హాస్టలు బడికి పిల్లల్ని చేర్పిస్తూ ఊళ్లమీద మోటారుసైకిలేసుకు తిరుగుతుంటాడు. సాయంత్రానికి అతను అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"మధ్యలో చేరిందని మీరేం బెంగపెట్టుకోకండి ఆయ్. నాలుగింటికల్లా లేపేస్తారండి. లేచిందగ్గర్నుంచి పుస్తకమే. మాట వినని పిల్లలకి వేరే గది ఉందండి, అందులో ఒక్కళ్లనే కూచోబెట్టి చదివిస్తారు. నెల తిరిగేలోపు మీ పాపని మీరే పోల్చుకోలేరు."

"అమ్మానాన్నల్ని చూడ్డానికి రానివ్వరా?" అంది మహాలక్ష్మమ్మ.

"దసరాకండి. ముందే వస్తే మళ్లీ మొదటికొస్తదండి."

మహాలక్ష్మమ్మ కాసేపు గునిసింది. ఆడపిల్లని అంత దూరమా అంది. తర్వాత, "పుస్తకం తలకిందులుగా పెట్టి చదివిందంటరా! ఎంత గుండె దానికి," అని తనే ఒప్పుకుంది. ఆదివారం ప్రయాణం. నీలంరంగు రేకుపెట్టె ఒకటి కొన్నారు.

భీమరాజు చెప్పిన ఆ గదిని సూర్యకళ చూడలేదు. కానీ అందులో ఏముంటుందో ఆ ఇంట్లో ఆమెకొక్కదానికే తెలుసు. బడి రోజుల్లో సాయంత్రం గంట కొట్టగానే పుస్తకాలు సంచిలో కూరి ఇంటికి పరిగెత్తేది. ఇంట్లో గేదె, బావి, అమ్మమ్మ. వేటిమీదా ఏమీ రాసి ఉండేది కాదు. ఆ కాస్త చోటు ఉండబట్టి తను పిచ్చిదైపోలేదు. ఈ పిల్లకి ఆ చోటు కూడా లేకుండా చేస్తున్నారు.

మర్నాడు బడినుంచి వచ్చి నాగదుర్గ కుండ పక్కన పీటేసుకుని కూర్చుంది. తీసిన రేకులు చిరగకుండా ఒకదాని మీద ఒకటి పేర్చడం దానికి బాగా వచ్చు. దొడ్లో మహాలక్ష్మమ్మ కొబ్బరాకులు చీరుతోంది.

"అమ్మా, చూడకుండా చదివితే మోసమా?"

"టీచరు అన్నారు కదా."

"నువ్వూ చూడవు కదా మరి."

గుడ్డ కుండమీద ఒక్క క్షణం ఎక్కువసేపు నిలిచిపోయింది. రేకు మాడి నల్లటి మచ్చ పడింది.

"ఎవరు చెప్పారే?" అంది సూర్యకళ గొంతు తగ్గించి.

"ఎవరూ చెప్పలేదు. కిందటేడు వ్రతంలో నేను నీ పక్కనే కూచున్నాగా. ఫ్యాను గాలికి రెండు కాగితాలు ఒకేసారి తిరిగిపోయాయి. నువ్వు ఆగలేదు. చదువుతూనే ఉన్నావు." పిల్ల గొంతులో తప్పు పట్టడం లేదు. పైగా ఒకలాంటి మెచ్చుకోలు ఉంది. "అది చూసే నేను అలా చేశాను. బాగా కుదిరింది, ఆ తలకిందుల రోజు తప్ప. అమ్మా, నీక్కూడా అక్షరాలు అటూ ఇటూ అయిపోతాయా?"

దొడ్లో కొబ్బరాకు చీరే చప్పుడు ఆగింది. అత్తగారు వింటోందో, అలసి ఆగిందో తెలియలేదు.

"లేదు," అంది సూర్యకళ. "నాకు సరిగ్గానే కనిపిస్తాయి. నువ్వు మనసుపెట్టి చూడట్లేదు, అంతే."

నాగదుర్గ తల్లి మొహంలోకి చూసింది. తర్వాత చేతిలోని రేకుని చూసింది.

"అయితే నాకొక్కదానికే," అంది.

అడగడం కాదు, లెక్క తేల్చుకున్నట్టు అంది. లేచి లోపలికెళ్లిపోయింది. సూర్యకళ చేతులు వాటంతటవే గుడ్డ ముంచుతూ, లాగుతూ ఉన్నాయి. సరిగ్గా ఈ వయసులోనే తనూ ఆ మాట అనుకుంది. నాకొక్కదానికే. ఎవరో ఒకరు వచ్చి, నాకూ అంతే అంటారని బడిలో పదేళ్లు ఎదురుచూసింది. ఎవరూ రాలేదు. ఈ పిల్ల ఎదురుచూడకుండా నేరుగా వచ్చి అడిగింది. తెలిసిన మనిషి అవునని అనడానికి ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటా ఆమె నోట రాలేదు. దొడ్లో ఆకుల చప్పుడు మళ్లీ మొదలైంది.

గురువారం పొద్దున్న అచ్చిబాబు పెట్టెలకి తాడు కడుతుంటే వెళ్లి నిలబడింది.

"ఏవండీ, దాన్ని పంపొద్దండీ."

"మళ్లీ మొదలెట్టావా?"

"అది మోసం కాదండీ."

"మరేంటి?"

మాట నాలిక చివరిదాకా వచ్చింది. తాడు పళ్లతో పట్టుకుని బిగిస్తున్న అతని మొహం చూసింది. రావులపాలెంలో కొట్టువాళ్లతో అతను, మా ఆవిడ చదువుకున్నదండీ, పిండి కలిపే పద్ధతంతా ఆవిడదే, అని చెప్పుకుంటాడు. ఆ మాట అనేటప్పుడు అతని వెన్ను కాస్త నిటారుగా అవుతుంది. ఆ వెన్ను వంగడం తను చూడాలి. తర్వాత అత్తగారు. తర్వాత వీధి. తొమ్మిదేళ్ల శ్రావణాలన్నీ అబద్ధమైపోతాయి. అమ్మవారి ముందు కూర్చుని ఆడిన అబద్ధం.

"నేను నేర్పుతాను," అంది.

"రెండేళ్లబట్టి రోజూ పక్కన కూచోబెట్టుకుని నేర్పుతూనే ఉన్నావుగా. ఏం వచ్చింది?"

రెండేళ్లుగా తల్లీ కూతురూ పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంటున్నారు. తల్లి చదువుతున్నట్టు, కూతురు నేర్చుకుంటున్నట్టు.

శుక్రవారం ఆగస్టు పదిహేను కూడా అయింది. బడిలో జెండా ఎగరేసి పిల్లల్ని వదిలేశారు. పుష్కరాల రద్దీలో ముందు శుక్రవారం కుదరక వ్రతం ఆ రోజుకి పెట్టుకున్నారు. పది గంటలకల్లా సావిడి నిండిపోయింది. టీచరు వీరవేణి కూడా తెల్లచీర మార్చుకుని పట్టుచీరలో వచ్చింది. బయట అరుగు మీద అచ్చిబాబు, పక్కన భీమరాజు. నాగదుర్గ పుట్టినతేదీ సర్టిఫికెట్టు పట్టుకెళ్లడానికి వచ్చాడతను.

పూజ అయింది. తోరాలు కట్టుకున్నారు. మహాలక్ష్మమ్మ కథ చదివే కోడలికి తప్ప అందరికీ కుడి గుప్పెట్లో అక్షింతలు పెట్టుకుంటూ వచ్చింది.

"కథ అయ్యేదాకా గుప్పిలి విప్పకూడదు, లేవకూడదు. తెలుసుగా?"

"తెలియకేం?" అంది పక్కింటి మరిడమ్మ. "మొన్నేడాది మా మనవడు అరుగుమీంచి పడి గోల పెడుతుంటే, నువ్వు నన్ను లేవనిచ్చావా? కథయ్యాకే చూశాను వాడి మోకాలు."

"లేచుంటే మోకాలితో పోయేదా?"

అందరూ నవ్వారు. పొద్దున్నుంచి ఎవరూ ఏమీ తినలేదు. లోపల్నుంచి బూరెల వాసన వస్తోంది. సూర్యకళ పుస్తకం తెరిచి మొదలుపెట్టింది.

గొంతు ఎప్పట్లాగే పలికింది. ఆ గొంతుతో తనకి సంబంధం లేనట్టు ఆమె దాన్ని వింటోంది. అమ్మమ్మ మాటలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని బయటికి నడుస్తున్నాయి. రెండుసార్లు పేజీ తిప్పింది. ఇరవై తలలు వంగి వింటున్నాయి. ఇవాళ ఇది అయిపోతుంది, రేపు శనివారం, ఎల్లుండి పెట్టె సర్దుతారు. మూడోసారి పేజీ తిప్పింది.

"ఒక్కమాటమ్మాయ్," అంది మహాలక్ష్మమ్మ. "ఎల్లుండి వెళ్లిపోతోందిగా పిల్ల. అమ్మవారి ముందు దానిచేత ఒక్క ముక్క చదివించు. నీ పక్కన కూచుని చదివితే ఆ తల్లి కరుణించకపోద్దా? రావే దుర్గా."

గుమ్మం దగ్గర నిలబడ్డ నాగదుర్గ వచ్చి తల్లి పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పుస్తకం అందుకుని, తల్లి ఎక్కడ ఆపిందో సరిగ్గా అక్కడినుంచి అందుకుంది. తల్లి గొంతే, కాస్త సన్నగా. కళ్లు కూడా తల్లి కళ్లలాగే ఎడమనుంచి కుడికి నడుస్తున్నాయి.

"అదిగో! ఎవరన్నారే దీనికి చదువు రాదని?" అంది మరిడమ్మ.

వీరవేణి ఇబ్బందిగా కదిలింది. ఊరుకుందామనే చూసింది. కానీ ఇరవైమంది కళ్లూ ఆమెవైపు తిరిగాయి. ముందుకు వంగి, ఎడమచేతి వేలు పేజీ కింద ఒకచోట పెట్టింది.

"దుర్గా, ఆగమ్మా. ఇక్కణ్ణుంచి చదువు."

పిల్ల ఆగిపోయింది. వేలు చూసింది. పెదాలు కదిలాయి, శబ్దం రాలేదు. సావిడిలో ఎవరో దగ్గారు.

"చూశారుగా," అంది వీరవేణి నెమ్మదిగా. మహాలక్ష్మమ్మ గుప్పిలితోనే నుదురు కొట్టుకుంది.

నాగదుర్గ తల్లివైపు చూసింది. ఆ చూపు ఏదీ అడగడం లేదు. అడిగి లాభం లేదని మొన్నే తెలిసిపోయిన చూపు. ఆ చూపుని సూర్యకళ తట్టుకోలేకపోయింది.

"దానికి చదవడం రాదు," అంది. తర్వాత, "నాకూ రాదు," అంది.

ఒక క్షణం ఎవరికీ ఎక్కలేదు. ఎక్కగానే సావిడంతా నవ్వు.

"ఇంక నమ్మేశాంలే!" అంది మరిడమ్మ. "తొమ్మిదేళ్లుగా ఈ చెవులతోనే కదా తల్లీ విన్నాం."

"నిజమండీ. నాకు కథ నోటికొచ్చు. చదవడం రాదు. అక్షరాలు తిరగబడిపోతాయి నాకు కూడా."

"తల్లి ప్రాణం అలాంటిది," అంది వీరవేణి జాలిగా. "పాపని హాస్టలుకి పంపుతున్నారని అలా అంటున్నారు."

అచ్చిబాబు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఏంటే ఆ మాటలు? అందరిలో నాటకాలా?"

"నువ్వు బయటికెళ్లు బాబూ," అంది మహాలక్ష్మమ్మ కొడుకుతో. కోడలివైపు తిరిగింది. "ఏం చెప్పుకున్నా తర్వాత. కథ మధ్యలో ఆపకూడదు. అందరి గుప్పిళ్లూ మూసే ఉన్నాయి. ముందు కథ పూర్తిచెయ్యి."

పుస్తకం మళ్లీ చేతికి వచ్చింది.

అప్పుడు సూర్యకళకి తను ఎక్కడ ఉందో పూర్తిగా కనిపించింది. కథ పూర్తిచెయ్యాలి. ఎప్పట్లా పూర్తిచేస్తే, గడగడా వచ్చే ప్రతి మాటా తను ఇందాక చెప్పింది అబద్ధమని రుజువు చేస్తూ పోతుంది. తన నోరే తన మీద సాక్ష్యం. తొమ్మిదేళ్లుగా అబద్ధాన్ని ఎవరూ పట్టుకోలేకపోయారు. నిజాన్ని ఎవరూ నమ్మలేకపోతున్నారు. రెండింటికీ కారణం ఒకటే, తను బాగా చెయ్యడం.

తర్వాతి వాక్యం నాలిక మీద తయారుగా ఉంది. తోసుకొస్తోంది. దాన్ని మింగింది.

వేలు తీసి పేజీ మీద, వరస మొదట్లో పెట్టింది. వేలి కింద నల్లగా ఏదో ఉంది. అదేమిటని అమ్మమ్మని అడగలేదు, దాన్నే అడిగింది.

"మ," అంది. "కాదు. వ." ఆగింది. "వ... తర్వాత ర. కాదు, అది ముందు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. "బాగానే చేస్తోంది!" అన్నారు ఇంకెవరో.

సూర్యకళ తల ఎత్తలేదు. మొదటి మాటకి చాలాసేపు పట్టింది. జ్ఞాపకం పక్కనే నిలబడి జవాబు అందిస్తోంది. వద్దని తోసేస్తుంటే చెమట పట్టింది. రెండో మాట సగంలో విరిగింది. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. ఒక వరస అయ్యేసరికి ఎవరూ నవ్వడం లేదు. రెండో వరసలో ఒకే మాటని నాలుగురకాలుగా పలికింది, నాలుగూ తప్పే. గొంతు అమ్మమ్మది కాదు. ఎనిమిదేళ్ల పిల్ల గొంతులా గీరుకుంటూ వస్తోంది. కాసేపు నటించవచ్చు. ఇంతసేపు, మెడ మీద నరాలు ఇలా ఉబ్బేలా ఎవరూ నటించలేరని మూడో వరసకి సావిడిలో ఒక్కొక్కళ్లకీ అర్థమవడం మొదలైంది. అర్థమైనవాళ్లు చూపు దించుకున్నారు. లేచి వెళ్లిపోదామంటే గుప్పిట్లో అక్షింతలు.

వీరవేణి మాత్రం చూపు దించలేదు. సూర్యకళ ఎక్కడెక్కడ తడబడుతోందో చూస్తోంది. రెండు నెలలుగా తను ఎర్రసిరాతో సున్నాలు చుడుతున్న తప్పులవే. అదే చోట ఆగడం, అదే చోట వెనక్కి వెళ్లడం. ఆమె కుడిచెయ్యి ఒళ్లో బిగుసుకుంది.

"నాకు దాహమేస్తోందే," అని గొణిగింది ఎవరో ముసలావిడ. "ఇంకొకళ్లకి ఇవ్వరాదూ పుస్తకం?"

ఆ మాటకి సూర్యకళ వేలు ఆగింది. ఇంకొకళ్లు చదివితే అయిదు నిమిషాల పని. అందరూ మహాలక్ష్మమ్మవైపు చూశారు. ఆమె మొహం బూడిదరంగుకి తిరిగింది. కోడల్ని చూసింది, పీటమీద కలశాన్ని చూసింది. ఊరంతా చెప్పుకుని మురిసిన తొమ్మిదేళ్లూ ఆ మొహంలో ఒక్కొక్కటే కూలుతున్నాయి.

"మొదలెట్టినవాళ్లే పూర్తిచెయ్యాలి," అంది చివరికి. కోపమో, పట్టుదలో, అలవాటో ఆమెకే తెలిసినట్టు లేదు. "కానియ్యి."

సూర్యకళ మళ్లీ వేలు పెట్టింది. పక్కన నాగదుర్గ ఒక్కసారిగా ముందుకు జరిగింది. తల్లి మోచేతికి భుజం ఆనించి, తలవంచి, ఆ వేలి కిందికి చూసింది.

"అమ్మా, ఇది అటు తిరిగి ఉంది కదూ?" అంది గుసగుసగా.

"ఎటో తెలీట్లేదే. నాకు ఒకసారి అటు, ఒకసారి ఇటు."

"నాక్కూడా."

"ఆఁ," అంది సూర్యకళ. "నాకు చిన్నప్పట్నుంచీ అంతే. మొన్న నీకు అబద్ధం చెప్పాను."

పిల్ల తన వేలు కూడా తెచ్చి తల్లి వేలి పక్కన పెట్టింది. ఇద్దరూ కలిసి ఆ మాటని పట్టుకోబోయారు. ఇద్దరికీ దొరకలేదు.

బయట భీమరాజు లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "అచ్చిబాబుగారూ, ఆ సర్టిఫికెట్టు ఇలా ఇచ్చేస్తే నేను బయల్దేరతానండి. మండపేటలో ఇంకో పార్టీ ఉంది."

అచ్చిబాబు గుమ్మం పక్కన గోడకి ఆనుకుని ఉన్నాడు. జేబులో సర్టిఫికెట్టు మడత ఉంది. లోపల్నుంచి వస్తున్న గొంతు తన పెళ్లాందని అతను పోల్చుకోవడానికి ప్రయత్నిస్తున్నాడు. తొమ్మిదేళ్లలో తను చదవమని ఇచ్చిన కాగితాలన్నీ, పిండి చేతులన్నీ వరసగా గుర్తొస్తున్నాయి.

"అవ్వనీండి," అన్నాడు.

"ఇది ఎప్పటికవుద్దండీ?"

"తెలీదు."

"పోనీ ఆదివారం బండి..."

"ఇప్పుడేం చెప్పలేను భీమరాజుగారూ. మీరు వెళ్లండి."

మోటారుసైకిలు చప్పుడు వీధి మలుపు దాకా వినబడి ఆగిపోయింది. అచ్చిబాబు లోపలికి చూడలేదు, అక్కణ్ణుంచి కదలనూ లేదు. సావిడిలో దీపానికి ఎవరో ఎడమచేత్తో నూనె పోశారు. బూరెలు చల్లారిపోయాయి. ఇంకా మూడు పేజీలకి పైగా ఉంది. ఇరవైమంది ఆడవాళ్లు ఆకలితో, చెమటకి నానుతున్న అక్షింతల గుప్పిళ్లతో, సూర్యకళ తర్వాతి మాట కోసం కదలకుండా కూర్చున్నారు.